మారుతల్లుల స్నేహం: ఎలా కలుపుకోవాలి, ఎక్కడ చెడుతుంది

"పిల్లలున్నారని తెలిసే చేసుకున్నావుగా" అన్న మాట ఒక్కసారి వింటే చాలు, పాత స్నేహితురాళ్ల దగ్గర ఇంక నోరు పెగలదు. సవతితల్లి ప్రేమ అనే మాటనే దెప్పిపొడుపుగా వాడే భాష మనది. అదే దారిలో నడుస్తున్న మరో మారుతల్లికైతే సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికితే చాలు. ఐదుగురు దాటితే ఎవరికీ వంతు రాదు.

అయితే పేరు ఒకటే గానీ ఇళ్లు వేరు. తల్లి చనిపోయిన ఇంట్లో పిల్లల దుఃఖంతో సర్దుకోవాలి. విడాకులైన ఇంట్లో ఫోన్లతో, రాకపోకలతో సర్దుకోవాలి. ఐదేళ్ల పిల్ల పేచీకి పనికొచ్చిన ఉపాయం పదిహేనేళ్ల పిల్లాడి మౌనానికి పనికిరాదు. కాబట్టి ఒకరైనా మీలాంటి ఇంటివాళ్లై ఉండాలి. ఇంకొకరు మీకంటే కొన్నేళ్లు ముందున్నవాళ్లైతే మంచిది. ఇలాంటి కుటుంబాలు త్వరగా కుదురుకున్నా నాలుగేళ్లు పడుతుందని, చాలామందికి ఏడేళ్ల దాకా పడుతుందని ప్యాట్రీషియా పేపర్నో అనే సైకాలజిస్టు లెక్క. పెళ్లై ఐదు నెలలైన మనిషికి ఆ మాట ఐదేళ్లు గడిపిన మనిషి నోట వింటేనే నమ్మబుద్ధవుతుంది.

పరిచయంలోనే "మిమ్మల్ని అమ్మా అని పిలుస్తున్నారా?" అని అడగకండి. చాలామందికి గుచ్చుకునేది అక్కడే. "స్కూల్ మీటింగుకి మీరు వెళ్తారా, ఆయన వెళ్తారా?" లాంటి పనికొచ్చే ప్రశ్నతో మొదలుపెడితే మిగతాది ఆవిడే చెబుతుంది.

రెండు వారాలకోసారి గంటన్నర కలవండి. మాట్లాడటానికి మనిషికి పావుగంట. మొదలుపెట్టే ముందే "సలహా కావాలి" అనో, "ఊరికే వినండి" అనో చెప్పాలి. ఈ ఒక్కమాట చెప్పకపోవడం వల్లే సగం మనస్పర్థలు వస్తాయి. చివర్లో మిగతావాళ్లు ఒక ప్రశ్న అడగాలి: "ఇది నువ్వు చెయ్యాల్సిన పనా, మీ ఆయన చెయ్యాల్సిన పనా?" పిల్లల్ని మందలించడం లాంటివి, మొదట్లోనైనా, తండ్రి చేతిలోనే ఉండాలి. అది మీరు నెత్తిన వేసుకుంటే పిల్లలకి శత్రువు దొరికినట్టే. జవాబు దొరికాక, వచ్చే రెండు వారాల్లో చేసే పని ఒక్కటి అనుకుని లేవండి.

ఆ ఒక్క పనీ లేకపోతే ఏమవుతుందంటే, ప్రతిసారీ అదే గోడు నడుస్తుంది. పిల్లల కన్నతల్లిని రాక్షసిని చేస్తే అందరికీ ఊరటగానే ఉంటుంది. కానీ ఆ వేడి ఇంటికి వెంట వస్తుంది, పిల్ల ముఖం చూడగానే బయటపడుతుంది. 2002లో అమాండా రోజ్ అనే సైకాలజిస్టు బడిపిల్లల స్నేహాల మీద ప్రచురించిన అధ్యయనంలో, సమస్యల్నే పదేపదే తిరగదోడుకునే ఆడపిల్లల మధ్య దగ్గరితనంతోపాటు దిగులు కూడా ఎక్కువగా కనబడింది. పెద్దవాళ్లకీ ఈ ప్రమాదం లేకపోలేదు. ఒకే ఫిర్యాదు మూడోసారి వస్తే "దీని గురించి ఏం చేశావు?" అని అడిగే హక్కు ఒకరికొకరు ముందే ఇచ్చుకోండి.

ఫోను దగ్గర ఇంకా జాగ్రత్త. పిల్లల పేరు, ఫొటో, స్కూలు, జబ్బు సంగతులు మెసేజీల్లో పెట్టకండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనబడకుండా సెట్టింగ్ మార్చండి. వాయిస్ మెసేజ్ అసలు వద్దు, వంటగదిలో పొరపాటున స్పీకర్లో మోగితే ఏళ్ల శ్రమ పోతుంది. మీరు కలుసుకుంటున్నట్టు భర్తకి తెలియాలి. బయట చెప్పకూడనివేమిటో ఆయన్నే అడగండి.

పిల్లలు అవతలి ఇంటి నుంచి తిరిగొచ్చే సాయంత్రం, పుట్టినరోజులు గడ్డురోజులు. తేదీలు ఒకరివి ఒకరు రాసుకుని, ఆ పూట "ఎలా ఉంది?" అని అడిగితే చాలు. పిల్లలందర్నీ కలిపి కూర్చోబెట్టే తొందర వద్దు. కలిపినా ఏదైనా ఆట దగ్గర కలపండి, స్నేహితురాలని మాత్రమే పరిచయం చెయ్యండి.

మీలో ఎవరైనా పిల్లల మీద చెయ్యి లేస్తోందన్నా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా అది గుట్టుగా దాచే విషయం కాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికో, కౌన్సెలర్ దగ్గరికో తోడు వెళ్లండి, పిల్లల్ని క్షేమంగా ఉంచే ఏర్పాటు చూడండి.

ఎవరి కాపురమైనా విడిపోతే మిగతావాళ్లు మెల్లగా తప్పుకోవడం కద్దు. ఆవిడకి భర్తతోపాటు, పెంచిన పిల్లలు కూడా చాలాసార్లు దూరమైపోతారు. ఆ పిల్లల్ని పేరుపెట్టి తలుచుకుంటూ ఆవిడతో మాట్లాడండి, ఇంకెవరూ మాట్లాడరు.