టబ్బు నీళ్లు చల్లబడట్లేదా? చిల్లర్‌ని తిట్టే ముందు చూడాల్సినవి

మే నెలలో మా చంద్రపూర్, బల్లార్షా వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. పోయిన ఎండాకాలం చన్నీళ్లలో కూర్చోడానికి పెరట్లో 300 లీటర్ల టబ్బు, ఆ నీళ్లను చల్లబరిచే ఒక హెచ్‌పీ చిల్లర్ పెట్టుకున్నాను. పక్కింటి కాకా చూసి, "ఇంత ఖర్చుకి ఎన్ని మాఠ్‌లు (మట్టి కుండలు) వచ్చేవో!" అన్నాడు. మొదటి వారం నాకూ అలాగే అనిపించింది. తీరా చూస్తే మిషన్ బాగానే ఉంది, నేను పెట్టిన చోటే బాగాలేదు.

రాత్రంతా నడిచినా నీళ్లు 20 దగ్గరే ఆగుతున్నాయి

చిల్లర్ నీళ్లలోని వేడిని లాగి బయటి గాలిలోకి వదులుతుంది. నేను దాన్ని గోడకూ కూలర్ స్టాండుకూ మధ్య సందులో, రేకుల కింద ఇరికించాను. అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటోంది. చుట్టూ రెండడుగుల జాగా వదిలి, వేడి గాలి వచ్చే వైపు పూర్తిగా ఖాళీగా ఉంచండి. నీడ ఉండాలి కానీ మూసేయకూడదు.

మాది బొగ్గు గనుల ప్రాంతం. నల్ల దుమ్ము కండెన్సర్ (చిల్లర్‌లో వేడిని బయటికి వదిలే భాగం) సన్నటి రేకుల మధ్య అట్టకడుతుంది. ప్లగ్ తీసేసి, మెత్తటి బ్రష్‌తో రేకులు వంగకుండా పై నుంచి కిందికి దులపండి. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి తప్పదు.

ఇక లెక్క. 300 లీటర్లను 35 నుంచి 12 డిగ్రీలకు దించాలంటే దాదాపు 8 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి తీసేయాలి. చిల్లర్ నిజంగా ఒకటిన్నర కిలోవాట్ల చల్లదనం ఇచ్చినా ఐదు గంటల పైమాటే, మూత లేకపోతే ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు పట్టకండి, తెల్లవారుజామున పట్టండి. 20 కిలోల ఐసు వేస్తే 35లో ఉన్న నీళ్లు 28కి దిగుతాయి, మిగతాది చిల్లర్ చూసుకుంటుంది. చేపల మార్కెట్ ఐసు మాత్రం వద్దు.

ఫ్లో ఎర్రర్ చూపించి ఆగిపోతోంది

అంటే పైపులో నీళ్లు సరిగా పారట్లేదని. చాలాసార్లు గాలి పట్టడమే కారణం. పంపు టబ్బు నీటిమట్టం కంటే కింద ఉండాలి. పైపు మధ్యలో పైకి లేచి వంగకూడదు. ఫిల్టర్ గిన్నెను నీళ్లతో నింపి బిగించండి. మెత్తటి పైపు ఎండకు ఇంకా మెత్తబడి, పంపు లాగేటప్పుడు నొక్కుకుపోతుంది. లోపల దారం అల్లిక ఉన్న పైపు కొనండి.

గుర్రుమని కంప్రెసర్ ఆగుతోంది

సాయంత్రం వీధిలో అందరూ కూలర్లు వేసే వేళకే ఇలా అయితే వోల్టేజీ పడిపోతోందన్నమాట. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగించి, స్టెబిలైజర్ పెట్టండి. వోల్టేజీ బాగున్నా ఆగితే కంప్రెసర్ స్టార్ట్ అవడానికి తోడ్పడే కెపాసిటర్‌ని మెకానిక్‌కి చూపించాలి. కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగాకే ఆన్ చేయండి. ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంటే దాన్ని తప్పించి కలపడం ప్రాణం మీదికి తెస్తుంది. మీరు కూర్చునేది నీళ్లలో! ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు చూపించండి.

నీళ్లు జిగటగా, వాసన వస్తున్నాయి

తలకు నూనె రాసుకుని దిగుతున్నారా? మా ఇంట్లో జరిగింది అదే. ముందు సబ్బుతో స్నానం, తర్వాతే టబ్బు. వారానికోసారి ఫిల్టర్ కడగండి, క్లోరిన్ కొలిచి వేయండి.

దిగగానే ఊపిరి ఎగదన్నుకొస్తోంది

ఇది మిషన్ సమస్య కాదు, చన్నీటికి ఒంటి స్పందన. 15 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలతో మొదలుపెట్టండి, పక్కన మనిషి ఉండాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దిగకూడదు.

పైపుల నుంచి చుక్కలు పడుతున్నాయి

వానాకాలంలో అయితే అది గాలిలోని తేమే. పైపులకు ఫోమ్ తొడిగితే పోతుంది. కానీ రాగి పైపు అతుకు దగ్గర నూనె మరక కనిపించి, నీళ్లు అసలు చల్లబడకపోతే గ్యాసు కారుతున్నట్టే. కారే చోటు వెతికి అతకకుండా ఊరికే గ్యాసు నింపి వెళ్తానంటే ఒప్పుకోకండి.