దసరా సెలవుల్లో ప్రహ్లాదుడి కొలాజ్: కత్తెర పట్టే ముందు

నల్లగొండలో మా పిల్లలతో ఈ సెలవులకు కొలాజ్, అంటే బొమ్మల, కాగితాల ముక్కలు అట్ట మీద అంటించి చేసే చిత్రం, మొదలుపెడుతున్నాం. మీరూ చేస్తుంటే ఇవి చూసుకోండి.

– పాత కథల పుస్తకాలు కోయకండి, కలర్ జిరాక్స్ తీయించండి. నిరుడు నేనొక బొమ్మ కోశాను. పేజీ వెనక కథ ముగింపు ఉంది, ఇప్పటికీ బాధే.

– ప్రింటు లేజర్‌దేనా అని అడగండి. మామూలు ఇంక్‌జెట్ రంగు జిగురు తడికి పాకుతుంది.

– నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చంపింది సంధ్యవేళ, గడప మీద, గోళ్లతో. నడినెత్తిన సూర్యుణ్ణి అంటిస్తే వరంలోని కిటుకే పోతుంది. నారింజ, ఊదా కాగితాలు ముందే ఏరిపెట్టుకోండి. చినిగిన అంచు కత్తిరించినదానికన్నా మబ్బులా బాగుంటుంది.

– పెళ్లికార్డుల దేవుడి బొమ్మల ముక్కలకు డబ్బా పెట్టండి, కాళ్ల కింద పడకుండా.

– అట్ట వెనకా కాగితం అంటించండి, లేకపోతే ఆరాక వంగుతుంది.

– పేర్చేటప్పుడు ఫ్యాన్ ఆపండి.