పరాయి రేంజ్‌ఫైండర్ లెన్సును డిజిటల్ లైకా గుర్తుపట్టేలా కోడ్ చేయడం ఎలా?

2006లో వచ్చిన ఎం8 మొదలుకొని డిజిటల్ లైకా ఎం రేంజ్‌ఫైండర్ కెమెరాల (వ్యూఫైండర్‌లో రెండు ప్రతిబింబాలను కలిపి ఫోకస్ చేసేవి) మౌంటులో, అంటే లెన్సు బిగించే చోట, ఒక చిన్న సెన్సార్ కిటికీ ఉంటుంది. లైకా లెన్సు వెనుక రింగు మీది 6 గుంటల్లో ఏది నలుపో ఏది తెలుపో అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చదివి, తగిలించిన లెన్సు ఏదో తెలుసుకుంటుంది. దాన్ని బట్టి కెమెరా వైడ్ లెన్సుల మూలల్లో వచ్చే చీకటినీ రంగు తేడానూ సరిచేస్తుంది, లెన్సు పేరును ఫైలులో నమోదు చేస్తుంది. కోడ్ లేని ఫోక్ట్‌లాండర్, జైస్ లెన్సులకూ, మరలా తిప్పి బిగించే పాత లెన్సులకూ (మర లెన్సులు) ఈ గుర్తింపును మనమే కల్పించుకోవచ్చు. అయితే 50 మి.మీ., అంతకు మించిన లెన్సుల్లో సవరించవలసింది దాదాపు ఏమీ ఉండదు కనుక వాటికి ఈ శ్రమ అనవసరం.

కావలసినవి కొద్దే: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ, సన్నమొన పర్మనెంట్ మార్కర్, నల్ల ఎనామెల్ రంగు, అతి సన్నని కుంచె, ఏ లైకా లెన్సుకు ఏ గుంటలు నలుపో చూపే కోడ్ పట్టిక, గుంటల స్థానాలు చూపే టెంప్లేట్. మర లెన్సయితే గుంటలు ముందే చెక్కిన ఎం అడాప్టర్ (మర లెన్సును ఎం మౌంటుకు తగిలించే రింగు) కొనుక్కోవడమే మేలు. అప్పుడు లెన్సును తాకవలసిన పనే ఉండదు. ఆ అడాప్టర్లు 28/90, 35/135, 50/75 అని మూడు రకాల ఫ్రేము గీతలకు (ఫొటోలో ఎంత మేర పడుతుందో వ్యూఫైండర్‌లో చూపే గీతలు; అంకెలు మి.మీ.లలో) విడివిడిగా దొరుకుతాయి. కొన్ని కోడ్‌లను కెమెరా ఫ్రేము గీతల మీటతో సరిపోల్చుకున్నాకే ఒప్పుకుంటుంది కాబట్టి, 28 మి.మీ. లెన్సుకు 50/75 అడాప్టర్ పెట్టి కోడ్ చదవడం లేదని వాపోవడంలో అర్థం లేదు.

ముందుగా ఏ కోడ్ వేయాలో తేల్చుకోవాలి. ఫోకల్ లెంగ్త్ కలిసింది కదా అని పట్టికలో మొదట కనిపించినదాన్ని వేసేయడం తప్పు. ఎం9, ఆ తరువాతి కెమెరాల మెనూలో లెన్సును చేత్తో ఎంచుకునే జాబితా ఉంది. లెన్సు ముందు పాలవంటి తెల్లని ప్లాస్టిక్ పలక పెట్టి, అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 దగ్గర ఉంచి, జాబితాలోని దగ్గరి లెన్సులను ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ ఫొటోలు తీయండి. ఏ ఎంపికలో నాలుగు మూలలూ మధ్యభాగపు రంగులోనే ఉన్నాయో అదే మీ కోడ్. ఎం8లో ఈ జాబితా లేదు కనుక మార్కర్‌తో ఒక్కో కోడ్ గీసి చూడక తప్పదు.

జాబితా ఉండగా కోడ్ ఎందుకని అడిగేవారున్నారు. లెన్సు మార్చిన ప్రతిసారీ మెనూ మార్చడం ఎవరికీ గుర్తుండదు, 21 మి.మీ. లెన్సుకు చేయవలసిన సవరణ 35 మి.మీ. లెన్సు ఫొటోలకు పడితే రోజంతా తీసినవన్నీ మూలల్లో రంగు తప్పుతాయి. కోడ్ వేసిన లెన్సుతో ఆ బెడద లేదు.

అసలు కష్టం గుంటల దగ్గరే ఉంది. లెన్సు తిప్పినప్పుడల్లా రింగు కెమెరా మౌంటుకు రాసుకుంటుంది కనుక చదునైన లోహం మీది మార్కర్ గుర్తు త్వరలోనే చెరిగిపోతుంది. అందుకని రంగు మందంగా పూసేవారిని చూస్తూనే ఉన్నాను. దయచేసి ఆ పని చేయకండి. ఎం మౌంటులో రింగు నుంచి ఫొటో తీసే సెన్సారు దాకా దూరం 27.8 మి.మీ.; అందులో మిల్లీమీటరులో వందోవంతు తేడా వచ్చినా పెద్ద అపర్చర్ దగ్గర ఫోకస్ తప్పుతుంది. రంగు ఎప్పుడూ రింగు ఉపరితలం కంటే లోతులోనే ఉండాలి. కొన్ని లెన్సుల రింగుకు సన్నని గాడి ముందే ఉంటుంది. అది ఉంటే చెక్కే పనే లేదు.

గాడి లేకపోతే గుంటలు చెక్కించాలి. ఇంట్లో డ్రిల్లుతో, అందునా రింగు లెన్సుకు ఉండగానే, ఎంతమాత్రం చెక్కకూడదు: లోహపు పొడి ఫోకస్ మరల్లోకి దిగితే మళ్లీ తీయడం దుర్లభం. రింగు విప్పి, మిల్లింగ్ యంత్రం ఉన్న నిపుణుడికి అప్పగించండి. విప్పేటప్పుడు రింగు కింద కాగితమంత పలుచని షిమ్‌లు (దూరం సరిచేసే పొరలు) కనిపించవచ్చు. వాటి సంఖ్యనూ, వరుసనూ, ఏ వైపు పైకి ఉందో కూడా ఫొటో తీసుకుని అలాగే తిరిగి పెట్టాలి; ఒక్కటి తప్పిపోయినా అనంతం దగ్గర, అంటే బాగా దూరపు వస్తువుల మీద, ఫోకస్ చెడుతుంది. కోడ్ స్థానంలోనే రింగు స్క్రూ ఉన్న లెన్సులూ ఉంటాయి. అందుకే చెక్కించక ముందే ఆల్కహాల్‌తో రింగు తుడిచి, మార్కర్‌తో గుర్తులు పెట్టి, కెమెరా సరైన పేరు చూపుతోందో లేదో నిర్ధారించుకోండి.

రంగు ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. కంటికి కారునలుపుగా కనిపించే కొన్ని సిరాలు ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి పంపేస్తాయి కాబట్టి సెన్సారుకు అవి తెల్లగానే తోస్తాయి. కార్బన్ నలుపు ఉన్న ఎనామెల్ నమ్మదగినది. కుంచె మొనతో చుక్కంత వేసి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, అంచు దాటిన రంగును ఆల్కహాల్ గుడ్డతో తుడిచేయండి.

మెనూలో లెన్సు గుర్తింపును ఆటోమేటిక్‌లో పెట్టి, లెన్సు బిగించి, ఒక ఫొటో తీసి వివరాలు చూడండి. అక్కడ మీ జైస్ పేరు కాక, కోడ్ అరువిచ్చిన లైకా లెన్సు పేరే ఉంటుంది. దాన్ని తరువాత ఎగ్జిఫ్‌టూల్ అనే, ఫొటో ఫైలు వివరాలు మార్చే ప్రోగ్రాముతో మార్చుకోవచ్చు. చివరగా దూరపు వస్తువు మీద, దగ్గరి వస్తువు మీద లెన్సు పూర్తిగా తెరిచి ఫోకస్ సరిచూసుకున్న తరువాతే ఆ లెన్సును పనికి తీసుకువెళ్లండి.