ఫొటోలో లేనామెను వెతికే పద్ధతి

హన్మకొండలో మా వీధి ఆడపిల్లలు కొందరు గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ ఆదివారం పొద్దున మా ఇంటికి వస్తారు. ముప్పై ఏళ్లు దాటి సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఒకరోజు అమెరికా అధ్యక్షుల గురించి మాట్లాడుకుంటుంటే ఒక పిల్ల అడిగింది: "మేడం, గిన్ని పేర్లు సదివినం, అండ్ల ఒక్క ఆడమనిషి లేదు. ఏం చెయ్యలేదా, చేసినా రాయలేదా?"

చేశారు. చాలా చేశారు. రాసింది కూడా ఉంది, కాకపోతే ఎక్కడెక్కడో చెదిరి ఉంది. దాన్ని ఏరుకోవడానికి నేను పిల్లలకు నేర్పే పద్ధతి ఇది. దీనికి ఒక పొడుగు నోటుబుక్కు, నెట్టు ఉన్న ఫోను చాలు.

ముందుగా, అధ్యక్షుడి జీవితం మొత్తం నెత్తికెత్తుకోకండి. ఆయనకు వచ్చిన ఒక్క కష్టకాలం తీసుకోండి. జబ్బుపడ్డ నెల, ఓడిపోతానేమోనన్న భయం పట్టుకున్న ఎన్నికల వారం, హఠాత్తుగా ఒక చావు. మామూలు రోజుల్లో అంతా పద్ధతి ప్రకారం నడుస్తుంది, ఫైలు వెళ్లాల్సిన చోటికే వెళ్తుంది. కష్టం వచ్చినప్పుడు మాత్రం నమ్మినవాళ్ల చేతికే తాళాలు పోతాయి. మనం వెతికే ఆమె అక్కడ కనిపిస్తుంది.

నోటుబుక్కులో మొదటి ప్రశ్న ఇలా రాసుకోండి: ఆ రోజుల్లో ఆయన గది తలుపు ఎవరి చేతిలో ఉంది?

దీనికి అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంగతి తీసుకుంటే పిల్లలకు తొందరగా ఎక్కుతుంది. 1919 అక్టోబర్ 2న ఆయనకు పక్షవాతం వచ్చింది. పదవి ఇంకా పదిహేడు నెలలుంది. భార్య ఎడిత్ గది ముందు నిలబడింది. మంత్రులు పంపిన కాగితాలు ముందు ఆమె చదివేది, ఏది లోపలికి పోవాలో, ఏది ఆగాలో చూసేది. తిరిగొచ్చిన కాగితాల అంచుల్లో ఆమె చేతిరాత ఉండేది, ప్రెసిడెంటు గారు ఇలా అంటున్నారు అని. బ్రిటన్ నుంచి రాయబారిగా వచ్చిన గ్రే నెలల తరబడి ఎదురుచూసి, విల్సన్‌ను కలవకుండానే తిరిగిపోయాడు. విదేశాంగ మంత్రి లాన్సింగ్ తానే మంత్రుల సమావేశాలు పెట్టాడని తెలిసి, 1920 ఫిబ్రవరిలో ఆయనచేత రాజీనామా చేయించారు. సరిగ్గా అదే కాలంలో, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో కుదిరిన వెర్సాయ్ ఒప్పందం సెనేట్‌లో రెండుసార్లు వీగిపోయింది.

తర్వాత ఎడిత్ తన ఆత్మకథలో, రాజ్య వ్యవహారాల్లో నేనొక్క నిర్ణయం కూడా చేయలేదు, ఏది ముఖ్యం, ఏది కాదు, ఎప్పుడు ఆయన ముందు పెట్టాలి అన్నదే నేను నిర్ణయించాను అన్న అర్థంలో రాసుకున్నది. పిల్లలచేత ఈ మాట రెండుసార్లు చదివిస్తాను. ఏది ముఖ్యమో తేల్చడమే కదా అసలు నిర్ణయం! కలెక్టరాఫీసులో ఒక్క సంతకం కోసం తిరిగినవాళ్లెవరికైనా ఇది తెలుసు. సంతకం చేసే చెయ్యి ఒకటైతే, ఫైలును పైకో కిందికో సర్దే చెయ్యి ఇంకొకటి.

ఎడిత్‌ను నేను మెచ్చుకోమని చెప్పను. జనం ఓటేసింది ఆమెకు కాదు. దేశాధినేత జబ్బును దాచిపెట్టడం తప్పే. అధ్యక్షుడు పని చేయలేని స్థితిలో ఉంటే ఏం చేయాలో తేల్చిన అమెరికా రాజ్యాంగపు 25వ సవరణ 1967లో గానీ రాలేదు. ఆమె సందులోకి వచ్చింది అంటే, అక్కడ సందు ఉందని అర్థం. నోటుబుక్కులో ఆమె చేసింది ఒక పక్క, ఆ సందు ఎవరు వదిలారో రెండో పక్క రాయండి.

తలుపు తర్వాత కలం. అధ్యక్షుడు పలికిన మాట ఎవరి రాత? 1963 నవంబర్ 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీని చంపేశారు. ఆ రాత్రి వాషింగ్టన్‌లో విమానం దిగిన కొత్త అధ్యక్షుడు జాన్సన్ కెమెరాల ముందు 58 మాటలు మాట్లాడాడు. నా చేతనైనంత చేస్తాను, అంతకుమించి చేయలేను, మీ సాయమూ దేవుడి సాయమూ కోరుతున్నాను అని ముగించాడు. అవి లిజ్ కార్పెంటర్ రాసిన మాటలు. ఆమె జాన్సన్ దగ్గర పనిచేసేది, అంతకుముందు పత్రికల్లో పనిచేసి వచ్చిన మనిషి. డాలస్ విమానాశ్రయానికి పోయే దారిలో కారులో కూర్చుని ఒక కార్డు మీద రాసింది. దేశం వణికిపోతున్న గంటలో ఎన్ని మాటలు చాలో ఆమెకు తెలుసు. ప్రసంగం చదివినప్పుడల్లా కింద ఎవరి పేరుందని కాదు, కాగితం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని అడగండి.

ఆ లిజ్ కార్పెంటరే మరుసటి ఏడాది అక్టోబర్‌లో జాన్సన్ భార్య లేడీ బర్డ్‌ను రైలెక్కించి, నాలుగు రోజుల్లో ఎనిమిది దక్షిణ రాష్ట్రాలు తిప్పింది. నల్లవాళ్ల మీద వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం మీద అక్కడి తెల్లవాళ్లు మండిపోతున్న సమయం అది. కొన్ని స్టేషన్లలో గేలి చేశారు, అరిచారు. ఆమె ఆగలేదు. ఎన్నికల్లో ఆ ఎనిమిదిలో మూడు వచ్చాయి: వర్జీనియా, నార్త్ కరోలినా, ఫ్లోరిడా. ఐదు పోయాయి. ఇది తప్పకుండా రాయండి. మరుగున పడ్డ మనిషిని బయటికి తీస్తున్నామన్న ఆవేశంలో గెలుపంతా ఆమె ఖాతాలో వేయాలనిపిస్తుంది. నేను కూడా వేశాను, తర్వాత కొట్టేసుకున్నాను. ఉన్నంతే రాస్తేనే ఎదుటివాళ్లు నమ్ముతారు.

ఇక నాకు అన్నిటికన్నా దగ్గరి ప్రశ్న: లిస్టు ఎవరి దగ్గరుంది? దీనికి ముందు మా వదిన సంగతి చెప్పాలి.

1995 పంచాయతీ ఎన్నికల్లో మా పెద్దన్న పరకాల వైపు మా ఊళ్లో సర్పంచ్‌గా నిలబడ్డాడు. వదినది ఏడో తరగతి చదువు. ఇంటి ముందటి కిరాణం ఆమే చూసేది. ఉద్దెర రాసుకునే నోటుబుక్కు ఒకటి ఉండేది, ఎర్ర అట్టది, మూలలు నూనె మరకలతో. ఓటరు లిస్టు వచ్చిన రోజు రాత్రి ఆ నోటుబుక్కు ముందేసుకుని ఒక్కో ఇంటికీ గీత కొట్టింది. ఎవరు భివండి మగ్గాల మీద ఉన్నారు, ఎవరు సూరత్‌లో ఉన్నారు, ఎవరి ఇంటికి ఎప్పుడు మనియార్డరు వస్తుంది, ఎవరు పండుగకు వచ్చి ఇంకా పోలేదు, అంతా ఆమెకు ఉప్పుపప్పు లెక్కల్లోనే తెలుసు. "గీ ఇంట్ల నాలుగు ఓట్లని రాసిండ్రు, ఉన్నది ఇద్దరే. నూనె పావుసేరే తీస్కపోతున్నరు" అన్నది. సూరత్ నుంచి రావాల్సినవాళ్లకు ఉత్తరాలు ఆమే రాయించింది. అన్న పదకొండు ఓట్లతో గెలిచాడు.

గెలిచినాక కరపత్రం వేశారు. ఇరవై మందికి పైగా పేరుపేరునా కృతజ్ఞతలు. అందరూ మగవాళ్లే. నోటుబుక్కు మండలంలో ఒక నాయకుడు 'చూసిస్తా'నని తీసుకుపోయాడు. మళ్లీ రాలేదు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కరపత్రం చదివి మడిచి పెట్టుకున్నాను తప్ప ఒక్క మాట అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే మోలీ డ్యూసన్ గురించి మొదటిసారి చదివినప్పుడు వదినే కళ్ల ముందుకు వచ్చింది. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పార్టీలో మహిళా విభాగాన్ని నడిపిన మనిషి. ఆడవాళ్లను మీటింగులకు పోగుచేసి, టీలు తాగించి పంపడం ఆమెకు నచ్చలేదు. జిల్లా జిల్లాకు కొందరు ఆడవాళ్లను ఎంచి, ఒక్కొక్కరికి ఒక్కో ప్రభుత్వ శాఖను అప్పజెప్పింది. ఆ శాఖ ఏం చేస్తున్నదో వీళ్లు నేర్చుకోవాలి, వచ్చి ఇరుగుపొరుగుకు చెప్పాలి. ఒకామెకు వ్యవసాయం, ఇంకొకామెకు పనివాళ్ల సంగతులు. మన మహిళా సంఘాల్లో కూర్చున్నవాళ్లకు ఈ పని తీరు వెంటనే అర్థమవుతుంది. 1936 ఎన్నికలకు ఒక్కో విషయానికి ఒక్కో రంగు కాగితం మీద చిన్న కరపత్రాలు వేయించింది. ఆ ఏడాది రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ వాకిట్లో నిలబడి మాట్లాడిన ఆ ఆడవాళ్లు లేకుండా ఆ ఎన్నిక కథ చెబితే అది సగం కథే.

లిస్టు పట్టుకున్న మనిషి బదులుగా ఏం అడిగింది అన్నది కూడా చూడాలి. ఈ ప్రశ్న వేయకపోతే మన రాత ఊరికే పొగడ్త అయిపోతుంది. ఫ్రాన్సెస్ పెర్కిన్స్‌ను కార్మిక మంత్రిని చేయాలని డ్యూసన్ పట్టుబట్టి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించింది. 1933లో రూజ్‌వెల్ట్ పిలిచినప్పుడు పెర్కిన్స్ వెంటనే సరేననలేదు. తాను చేయదలచుకున్నవి రాసుకుని తీసుకుపోయింది: పని గంటలకు హద్దు, కనీస కూలి, పని పోయినవాళ్లకు భృతి, ముసలివాళ్లకు పింఛను, పిల్లలతో పని చేయించడం బంద్. వీటికి ఒప్పుకుంటేనే వస్తానన్నది. 1911లో న్యూయార్క్‌లో బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోతుంటే రోడ్డు మీద నిలబడి చూసిన మనిషి ఆమె. 1935లో ముసలివాళ్ల పింఛనుకు, పని పోయినవాళ్ల భృతికి దారి వేసిన సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. అమెరికా మంత్రివర్గంలో మొదటి మహిళ అన్న ఒక్క బిట్టుగా ఆమెను చదివి వదిలేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కాగితంలో ఏముందో కూడా చదవండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. తెరవెనక ఆడవాళ్ల గురించి వెతికితే ముందు దొరికేది గాసిప్పే. అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ భార్య నాన్సీ రీగన్ పేరు కొట్టండి, జ్యోతిష్యం వస్తుంది. 1981లో భర్త మీద కాల్పులు జరిగిన తర్వాత ఆమె ఒక జ్యోతిష్కురాలిని అడిగి ఆయన ప్రయాణాల రోజులు చూసుకున్న మాట నిజమే. భర్తకు తూటా తగిలిన ఆడమనిషి భయం అది. ముహూర్తం చూడకుండా బోరు కూడా వేయని మనం నవ్వాల్సింది కాదు. అయితే ఆ కథను బయటపెట్టింది ఎవరు? చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా వైట్‌హౌస్ వ్యవహారాలు నడిపిన డొనాల్డ్ రీగన్, 1988లో, తన పుస్తకంలో. ఇంటిపేరు ఒకేలా వినిపించినా ఆయన వీళ్ల బంధువు కాదు. ఆయన్ను తీసేయాలని నాన్సీ పట్టుబట్టింది, 1987 ఫిబ్రవరిలో ఆయన పదవి పోయింది. ఎవరు చెప్పిన మాటైనా, చెప్పినవాళ్లకు ఆమెతో ఏం తగాదా ఉందో పక్కనే రాసుకోండి.

ఈ కాలానికి వస్తే పని కొంచెం సులువు, పేర్లు బయటే ఉన్నాయి. అధ్యక్ష ఎన్నికల్లో 1988లో డుకాకిస్ ప్రచారాన్ని సూసన్ ఎస్ట్రిచ్, 2000లో అల్ గోర్ ప్రచారాన్ని డోనా బ్రెజిల్ నడిపారు. ఇద్దరూ ఓడిన పక్షమే. 2016లో కెల్లీయాన్ కాన్వే నడిపిన ట్రంప్ ప్రచారం గెలిచింది. 2024లో ట్రంప్ గెలిచిన రాత్రి, తన ప్రచారాన్ని నడిపిన సూసీ వైల్స్‌ను వేదిక మీద మాట్లాడమని ముందుకు పిలిచాడు. ఆమె మైకు అందుకోలేదు. పక్కనున్న మగాయన మాట్లాడాడు. తర్వాత ఆమె వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయింది, ఆ పదవిలో మొదటి మహిళ. ట్రంప్ రాజకీయం మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. ఆ వీడియో మాత్రం చూడండి. మైకు తీసుకోని మనిషికి అధికారం లేదనుకోకూడదని పిల్లలకు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

ఎక్కడ వెతకాలి అంటే, మాజీ అధ్యక్షుల గ్రంథాలయాల సైట్లలో వాళ్ల రోజువారీ డైరీలు ఉంటాయి. రూజ్‌వెల్ట్‌వి, జాన్సన్‌వి నెట్టులోనే దొరుకుతాయి. ఎన్ని గంటలకు ఎవరు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అని ఉంటుంది. ఒక్క వారం తీసుకుని, ఆడపేరు వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. ఫోనులో అనువాదం పెట్టుకున్నా సరిపోతుంది, అవి చిన్న చిన్న మాటలే. మన రాష్ట్రపతికి ఈ లెక్క అంతగా కుదరదు. రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు, రోజువారీ పాలన రాష్ట్రపతి చేతిలో ఉండదు. మన దగ్గర ఈ ప్రశ్నలు ఊళ్లో వేయాలి. ఇప్పుడు సర్పంచుల్లో సగం సీట్లు ఆడవాళ్లవి కాబట్టి తిరగేసి కూడా వేయండి: కుర్చీలో ఆమె ఉంటే, తలుపు దగ్గర ఆయన ఉన్నాడా?

పెద్దవాళ్లను అడిగేటప్పుడు మాత్రం నువ్వు రాజకీయాల్లో ఏం చేసినవ్ అని అడగొద్దు. "నేనేం చేసిన బిడ్డా, వంట చేసిన" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఆ వంటనే పట్టుకోండి. ఎంతమందికి వండినవ్? రాత్రి ఆఖరుకు ఎవలు తిన్నరు? వడ్డిస్తుంటే ఏం ఇన్నవ్? మా పిల్లల్లో ఒకరు వాళ్ల అమ్మమ్మను ఇట్లా అడిగితే ఆమె అన్నది: "ఒగాయన రోజు రెండుసార్లు పప్పు ఏయించుకునేటోడు. ఆ దినం ఏస్కోలె, నా మొకం సూడలె. ఆయన పొయ్యేటట్టున్నడు అని మీ తాతకు అప్పుడే చెప్పిన. తెల్లారి అవుతలోళ్ల జీపుల ఉన్నడు." విన్నది విన్నట్టు, ఆమె మాటల్లోనే రాయాలి. తారీఖు, ఊరు, పక్కన ఎవరున్నారో కూడా రాయండి. కోడళ్లూ కొడుకులూ పక్కనుంటే మాట మారుతుంది.

పోయిన సంక్రాంతికి ఊరికి పోయి వదినను కూర్చోబెట్టాను. ఎర్ర నోటుబుక్కు లేదు కానీ లిస్టు ఆమె నోట్లోనే ఉంది. వాడకట్టు మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి, ఎవరు సూరత్, ఎవరు భివండి, ఎవరింట్లో ఎన్ని ఓట్లు, రెండు పూటలు చెప్పింది. చదివి వినిపిస్తే మూడు చోట్ల దిద్దించింది. పైన పేరు రాయమని పెన్ను ఆమె చేతికే ఇచ్చాను. ఇంటిపేరు పుట్టింటిదా, అత్తింటిదా అని అడిగింది. రెండూ రాయమన్నాను. జిరాక్సు నా దగ్గరుంది, అసలుది ఆమె పెట్టెలో ఉంది.