ఫీల్డ్ మారి ఆస్ట్రేలియాలో ఐటీ చదవాలంటే: సబ్‌క్లాస్ 500 స్టూడెంట్ వీసా దరఖాస్తు విధానం

సివిల్ చదివి సైట్ల మీద పనిచేస్తున్నవాళ్లు, బీకాం చేసి ఫైనాన్స్ కంపెనీల్లో చేరినవాళ్లు, మెకానికల్ పూర్తిచేసి రామగుండం వైపు కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఐటీలో మాస్టర్స్ చేద్దామని ఆస్ట్రేలియా వైపు చూస్తున్నారు. "ఫీల్డ్ మారితే వీసా రాదు" అని వాళ్లను ఎవరో ఒకరు భయపెడుతూనే ఉంటారు. ఆ మాట నమ్మకండి. చదువులోనూ ఉద్యోగంలోనూ సహేతుకమైన మార్పులకు చోటివ్వాలని వీసా అధికారులకు ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఎందుకు మారుతున్నారో చెప్పలేకపోతేనే ఇబ్బంది. అందుకే ఫీల్డ్ మారేవాళ్లు ఏది ముందు చూసుకోవాలో ఆ వరసలో ఇక్కడ చెబుతున్నాను.

వయసు లెక్క మొదట వేసుకోండి

చదువు అయ్యాక అక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చేది 485 వీసా. 2024 జూలై 1 నుంచి దానికి దరఖాస్తు పెట్టే రోజుకు వయసు 35 దాటకూడదు. రీసెర్చ్ మాస్టర్స్, పీహెచ్‌డీ చేసినవాళ్లకు సడలింపు ఉంది, క్లాసులతో నడిచే మామూలు కోర్సువర్క్ మాస్టర్స్‌కు లేదు. ఉద్యోగం చేసి వెళ్లేవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. ఇప్పుడు 34 ఏళ్లున్న మనిషి ఆఫర్, లోన్, వీసా పూర్తిచేసుకుని రెండేళ్ల కోర్సు ముగించేసరికి 36 దాటేస్తాడు. చదువు వస్తుంది, 485 రాదు. అప్పు చేసి వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకునే నిర్ణయం తీసుకోవాలి. వయసు సరిపోయినవాళ్లకు మాత్రం మంచి వెసులుబాటే ఉంది. భారత్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం వల్ల మాస్టర్స్ చేసిన మనవాళ్లకు 485 మీద మూడేళ్ల వరకు ఉండే వీలుంది.

ఇంకో మెలిక ఉంది. 485కి అర్హత రావాలంటే కనీసం 92 వారాల నిడివి కింద నమోదైన చదువు కావాలి. పాత డిగ్రీకి క్రెడిట్ ఇస్తాం, ఏడాదిన్నరలో అయిపోతుందని ఎవరైనా అంటే ఫీజు మిగులుతుందని సంబరపడకండి. ఆ క్రెడిట్ తీసుకున్నాక 92 వారాలు నిలుస్తాయా లేదా అన్నది యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి.

కోర్సు ఎంపిక దగ్గర చూసుకోవాల్సినవి రెండే. ఆ కోర్సుకు క్రికోస్ కోడ్ (విదేశీ విద్యార్థులను చేర్చుకోదగ్గ కోర్సుల ప్రభుత్వ రిజిస్టర్‌లోని నంబరు) ఉండాలి, అది లేనిదే విదేశీ విద్యార్థిని చేర్చుకోవడానికి లేదు. రెండోది ప్రవేశ అర్హత. మాస్టర్ ఆఫ్ ఐటీ కోర్సులు కొన్ని ఏ డిగ్రీ వాళ్లనైనా తీసుకుంటాయి. కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చాలావరకు అదే సబ్జెక్టులో డిగ్రీ అడుగుతాయి.

అసలు పరీక్ష: 150 పదాల జవాబులు

2024 మార్చి 23 నుంచి పాత జీటీఈ స్టేట్‌మెంట్ (తాత్కాలికంగానే వస్తున్నామని రాసిచ్చేది) పోయి దాని స్థానంలో జెన్యూన్ స్టూడెంట్ నిబంధన వచ్చింది. దరఖాస్తు ఫారంలోనే ప్రశ్నలుంటాయి. ఒక్కో జవాబు 150 పదాలు దాటకూడదు, ఇంగ్లీషులోనే రాయాలి. మీ కుటుంబం, ఉద్యోగం, ఆర్థిక పరిస్థితి ఏమిటి? ఈ కోర్సు, ఈ యూనివర్సిటీ, ఈ దేశమే ఎందుకు? చదివితే మీకు ఒరిగేదేమిటి? ఇంకా చెప్పాల్సింది ఏమైనా ఉందా? సారాంశంలో అడిగేవి ఇవే.

చాలామంది ఈ పని కన్సల్టెన్సీకి వదిలేస్తారు. "ఆస్ట్రేలియా ప్రపంచస్థాయి విద్యకు నిలయం, ఐటీ రంగం శరవేగంగా ఎదుగుతోంది" అని ఒకే మూస అందరి ఫారాల్లోకి ఎక్కుతుంది. దయచేసి అలా చేయకండి. ముందు తెలుగులో, మీ ఇంట్లోవాళ్లకు చెప్పినట్టు రాసుకోండి. ఆ తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చుకోండి.

పెద్దపల్లిలో ఒక కాంట్రాక్టర్ దగ్గర మూడేళ్లు సైట్ ఇంజినీర్‌గా చేసిన అబ్బాయినే తీసుకుందాం. ఎం-బుక్‌ (పని కొలతలు రాసే పుస్తకం)లోని కొలతలను ఎక్సెల్‌లోకి ఎక్కించి, రేట్లు వేసి, బిల్లు తయారుచేయడం అతని పని. ఒక్క కొలత మారితే షీట్లన్నీ మళ్లీ దిద్దాలి. ఆ బాధ తప్పించుకోవడానికి ఎక్సెల్ పనిని దానంతటదే చేయించే మ్యాక్రోలు రాయడం నేర్చుకున్నాడు, అక్కణ్నుంచి పైథాన్ ప్రోగ్రామింగ్‌కు వచ్చాడు, ఐఐటీల ఆన్‌లైన్ చదువుల వేదిక ఎన్‌పీటెల్‌లో డేటాబేస్ కోర్సు చేసి పరీక్ష రాశాడు. ఎంచుకున్న మాస్టర్స్‌లో డేటా మేనేజ్‌మెంట్ సబ్జెక్టులున్నాయి. తిరిగొచ్చాక నిర్మాణ సంస్థల్లో సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలని ఉంది. ఈ నాలుగు సంగతులు వరుసగా చెబితే ఫీల్డ్ ఎందుకు మారాడన్న ప్రశ్నే ఉండదు. సివిల్ అనుభవం అతనికి అడ్డం కాదు, బలం.

మూడో ప్రశ్న దగ్గర జాగ్రత్త. "మంచి జీతం వస్తుంది" అంటే చాలదు. ఏ ఉద్యోగం, ఎలాంటి కంపెనీలో, ఇప్పటి జీతం ఎంత, ఆ ఉద్యోగానికి ఇస్తున్నదెంత అన్నది ఉద్యోగ ప్రకటనలతో సహా చూపించాలి. హైదరాబాద్ మాటే ఎత్తనక్కర్లేదు. వరంగల్ దగ్గరి మడికొండలో 2020 జనవరి నుంచి టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలున్నాయి, కరీంనగర్‌లో ఐటీ టవర్ ఉంది. ఇంటి దగ్గరి అవకాశాలు కూడా మీ జవాబులో భాగం కావచ్చు.

ఆధారం జతచేసిన మాటకే విలువ ఎక్కువ అని వీసాలిచ్చే ఆస్ట్రేలియా హోం అఫైర్స్ శాఖే చెబుతోంది. కాబట్టి ప్రతి జవాబుకూ కాగితం ఉండాలి. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16, రిలీవింగ్ లెటర్ తీసి పెట్టుకోండి. జీతం చేతికిచ్చే చోట పనిచేసినవాళ్లకు ఇవేవీ ఉండవు. అలాంటప్పుడు యజమాని లెటర్‌హెడ్ మీద చేసిన పని వివరంగా రాయించుకోండి, ఆ రోజుల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. గ్యాప్ ఉంటే ఉందనే రాయండి. గ్రూప్స్‌కు చదువుకుంటూ రెండేళ్లు గడిపితే హాల్‌టికెట్టే ఆధారం. లేని అనుభవానికి సర్టిఫికెట్ కొనుక్కోవడం అన్నిటికంటే ప్రమాదం. దొంగ పత్రమని తేలితే వీసా తిరస్కరణతో ఆగదు, మూడేళ్లపాటు మళ్లీ వీసా ఇవ్వకుండా అడ్డుపడే నిబంధన ఉంది. కన్సల్టెన్సీ పెట్టిందని చెప్పుకున్నా ఫారం మీద పేరు మీదే.

టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. నాన్నగారి పేరు పాస్‌బుక్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటుంది. ఇవి ముందే గమనించి సరిచేయించుకోండి. కాకతీయ యూనివర్సిటీ అయినా జేఎన్‌టీయూ అయినా సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), ప్రొవిజనల్ చేతిలో ఉన్నా ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

డబ్బు చూపించడం

2024 మే 10 నుంచి ఏడాది ఖర్చులకు 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపించాలి. దీనికి మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చు అదనం. భార్య లేదా భర్త వెంట వస్తే 10,394 డాలర్లు, ఒక్కో బిడ్డకు 4,449 డాలర్లు కలపాలి, బడి వయసు పిల్లలుంటే బడి ఖర్చు వేరే.

ఉత్తర తెలంగాణ కుటుంబాలు ఇబ్బంది పడేది ఇక్కడే. ఇంట్లో పదెకరాల పొలం ఉంటుంది, దాని విలువ కోట్లలో ఉంటుంది, కానీ విద్యారుణానికి తాకట్టుగా వ్యవసాయ భూమిని బ్యాంకులు మామూలుగా తీసుకోవు. బాకీ వసూలుకు బ్యాంకులు వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు, కారణం అదే. ఇల్లు, అనుమతి ఉన్న ప్లాటు, ఎఫ్‌డీ అడుగుతారు. ఇంటికి పాత యాజమాన్యం చూపే లింక్ డాక్యుమెంట్లు, ఆస్తి మీద అప్పులేమున్నాయో చెప్పే ఈసీ, నిర్మాణ అనుమతి కావాలి. పాత ఇళ్లకు ఇవి దొరకక నెలలు గడుస్తాయి, అందుకే ఆఫర్ లెటర్ రాకముందే బ్యాంకు లాయర్‌కు కాగితాలు చూపించండి. పొలం విలువ కట్టిన సీఏ రిపోర్ట్ కుటుంబ పరిస్థితి చెప్పడానికి పనికొస్తుంది, డబ్బు కింద లెక్కకు రాదు. తల్లిదండ్రుల ఆదాయం చూపించే దారి ఒకటుంది, ఏడాదికి కనీసం 87,856 డాలర్లు ఉండాలి, పన్ను రికార్డులతో. సాగు ఆదాయానికి పన్నే లేదు కాబట్టి రైతు కుటుంబాలకు ఆ దారి కుదరదు. చివరికి లోన్ శాంక్షన్ లెటరే చాలామందికి ఆధారం. ఎవరో నాలుగు రోజులకు ఖాతాలో వేసి తీసేసే డబ్బు జోలికి పోకండి, అది ఎక్కడిదో చెప్పాల్సి వస్తుంది.

దరఖాస్తు

ఇవి సిద్ధమయ్యాక మిగతాది సులువు. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ లేదా పీటీఈ రాయండి. వీసాకు ఐఈఎల్‌టీఎస్‌లో 6.0 చాలు, మాస్టర్స్‌కు యూనివర్సిటీలు ఎక్కువగా 6.5 అడుగుతాయి. ఆఫర్ వచ్చాక చాలా యూనివర్సిటీలు మీ జవాబులు, ఫండ్స్ తామే ముందు పరిశీలిస్తాయి. ఆ తర్వాత ఫీజు కడితే సీఓఈ (కోర్సులో సీటు ఖాయమైనట్టు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇస్తారు. అక్కడ ఉండే కాలమంతటికీ ఓఎస్‌హెచ్‌సీ ఆరోగ్య బీమా తీసుకోవాలి.

వీసా దరఖాస్తు పెట్టే ఆన్‌లైన్ ఖాతా ఇమ్మిఅకౌంట్ మీ సొంత మెయిల్‌తో మీరే తెరవండి. ఫారం నింపి, పత్రాలు ఎక్కించి, ఫీజు కట్టాలి. 2025 జూలై 1 నుంచి ఫీజు 2,000 డాలర్లు, వీసా రాకపోతే తిరిగి రాదు. యూనివర్సిటీకి రాసిన ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం)లోని తేదీలు, వీసా ఫారంలోని తేదీలు ఒకటేనా అని సబ్మిట్ చేసేముందు పక్కపక్కన పెట్టి చూసుకోండి. మెడికల్‌కు హాప్ ఐడీ అనే నంబరు వస్తుంది, అది పట్టుకుని హైదరాబాద్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వం గుర్తించిన ప్యానెల్ డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి. హన్మకొండలో ఎంత పెద్ద ఆస్పత్రి రిపోర్టయినా చెల్లదు. అదనపు సమాచారం అడిగితే మెయిల్‌కే వస్తుంది, గడువు అందులోనే ఉంటుంది.

వీసా వచ్చాక క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయవచ్చు. కోర్సు మొదలయ్యేదాకా ఆ పనీ చేయకూడదు. పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టేస్తామన్న లెక్క వేసుకుని బయల్దేరవద్దు.

ఓవర్సీస్ విద్యానిధి ఎప్పుడు అందుతుంది

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. సాయం 20 లక్షల వరకు. దరఖాస్తు తెలంగాణ ఈపాస్‌లో, నోటిఫికేషన్ ఉన్న రోజుల్లోనే. మీసేవ నుంచి కులం, ఆదాయ పత్రాలు తాజాగా తీసి ఉంచుకోండి. అయితే ఈ డబ్బు రెండు విడతల్లో వస్తుంది. అక్కడ దిగినట్టు ఇమిగ్రేషన్ ఆధారం చూపించాక మొదటిది, మొదటి సెమిస్టర్ ఫలితాలు పంపాక రెండోది. అందువల్ల వీసాకు చూపించే ఫండ్స్‌లో దీన్ని కలుపుకోకండి. లోన్ పూర్తి మొత్తానికి తీసుకుని, విద్యానిధి వచ్చాక అందులో జమచేసుకోవచ్చు.