పాత ఎస్‌ఎంపీఎస్, కొత్త బోర్డు: ఓవర్‌క్లాక్‌కి ముందు జాగ్రత్తలు

కంప్యూటర్‌లో పాత ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) ఉంచి కొత్త మదర్‌బోర్డు పెట్టారా? ఓవర్‌క్లాక్ చేసే ముందు, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువగా నడిపే ముందు, ఇవి చూసుకోండి.

- గోడ ప్లగ్ పీకాకే కంప్యూటర్ కేసు తెరవండి.

- ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి. పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు కాదు, 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లో చూడాలి. 18 ఉంటే ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కలిపి దక్కేది 216 వాట్లే. బాగా పాతవాటి బలమంతా 3.3, 5 వోల్టుల మీదే ఉండేది.

- పాత ఎస్‌ఎంపీఎస్ 20 పిన్నుల ప్లగ్ కొత్త బోర్డు 24 పిన్నుల సాకెట్‌లో దిగుతుంది. 11, 12, 23, 24 నంబరు పిన్నులు ఖాళీగా మిగులుతాయి. మామూలు వాడకానికి బోర్డు ఆన్ కావచ్చు. ఓవర్‌క్లాక్‌కి మాత్రం నేను వద్దంటాను.

- అసలు గండం ప్రాసెసర్ పక్కన ఉన్న 8 పిన్నుల సాకెట్‌ది. 4 పిన్నుల ప్లగ్ అందులో సగంలో కూర్చుంటుంది, కానీ 12 వోల్టులు తెచ్చే పసుపు తీగలు రెండే. వోల్టేజ్ పెంచితే భారమంతా వాటిమీదే. ప్లగ్ కాలి నల్లబడుతుంది. మోలెక్స్ (పాత డిస్కులకి పెట్టే 4 పిన్నుల ప్లగ్) నుంచి మార్చే అడాప్టరైతే ఇంకా అన్యాయం, ఒక్కో మోలెక్స్‌కి పసుపు తీగ ఒక్కటే.

- గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నుల ప్లగ్‌ని ఇక్కడ కుక్కకండి. 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి.

- మాడ్యులర్ కేబుళ్లు (ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగేవి) ఒక కంపెనీవి ఇంకో కంపెనీ యూనిట్‌కి పెట్టొద్దు.

- మన వైజాగ్‌లో, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, ఉప్పుగాలి పిన్నుల్ని వదలదు. టార్చి వేసి చూడండి: ఆకుపచ్చ చిలుము కనిపిస్తే ఆ యూనిట్‌ని పక్కన పెట్టేయండి.

- మొదటి అరగంట స్పీడ్ పెంచకుండా నడిపి, ఆపి, ప్రాసెసర్ పక్కన ఉన్న ప్లగ్ ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటే అక్కడితో ఆపండి.