శాడిల్‌లో వేలాడుతూ సంప్రదాయ విల్లుతో జింక వేట

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం కనుక, ఈ సూచనలు అమెరికాలో ఉంటూ, తమ రాష్ట్ర నిబంధనల మేరకు శిక్షణ, లైసెన్సు పొంది, విల్లు వేటకు అనుమతించిన రోజుల్లో తెల్లతోక జింక కోసం వెళ్లేవారికి మాత్రమే.

శాడిల్ అనేది పిరుదులను, తొడల పైభాగాన్ని మోసే పట్టీల ఆసనం. దాని ముందున్న తాడును చెట్టుకు బిగించిన టెథర్ అనే మరో తాడుకు తగిలించి, చిన్న ప్లాట్‌ఫారం మీద పాదాలు ఆనించి, చెట్టు వైపు ముఖం పెట్టి వెనక్కి వాలుతారు. ఎక్కేటప్పుడు వాడే లైన్‌మన్ బెల్టు మన గీత కార్మికుల మోకు వంటిదే. దారిలో కొమ్మ అడ్డొచ్చి దాన్ని విప్పవలసి వస్తే, ముందుగా టెథర్ బిగించాలి. నేల విడిచింది మొదలు మళ్లీ నేల తాకేవరకు ఒక్క క్షణం కూడా తాడు లేకుండా ఉండకూడదు. విల్లును, మూత ఉన్న పొదిలోని బాణాలను పైన కుదురుకున్నాకే తాడుతో లాక్కోవాలి.

కప్పీల సాయంతో లాగే కాంపౌండ్ విల్లు వాడేవారు ఇరవై అడుగులకు పైగా ఎక్కుతుంటారు. కప్పీలు లేని సంప్రదాయ విల్లుకు పన్నెండు నుంచి పదిహేను అడుగులే మేలని నా అభిప్రాయం. ఎత్తు పెరిగేకొద్దీ బాణం నిటారుగా దిగి ఒక్క ఊపిరితిత్తికే తగిలే ప్రమాదముంది, అలా గాయపడిన జింక చాలా దూరం పోతుంది. పైగా మానే మనకు చాటు కాబట్టి తక్కువ ఎత్తు వల్ల పెద్ద నష్టం లేదు.

అసలు చిక్కు విల్లు కింది కొసతో వస్తుంది. అది తొడకో, తాడుకో, ప్లాట్‌ఫారానికో తగిలితే బాణం దారి తప్పుతుంది. విల్లును పక్కకు వంచి పట్టడం, పొడవాటి లాంగ్‌బోకు బదులు కొసలు ముందుకు వంగిన పొట్టి రికర్వ్ విల్లు తీసుకోవడం దీనికి మార్గాలు. అయితే మరీ పొట్టి విల్లు నారి వేళ్లను నొక్కేస్తుంది. కుడిచేత్తో నారి లాగేవారికి చెట్టుకు ఎడమ పక్క సులువు కనుక, జింకల బాట ఆ పక్కకు వచ్చే చెట్టునే ఎంచుకోవాలి. కాంపౌండ్‌లా లాగి పట్టుకుని నిలవడం ఈ విల్లుతో కుదరదు. జింక తల వంచినప్పుడో, దాని కన్ను మరో చెట్టు చాటుకు వెళ్లినప్పుడో లాగాలి.

కిందికి గురిపెట్టేటప్పుడు చేతిని మాత్రమే దించితే బాణం పైకి పోతుంది, అందుకే నడుము దగ్గర వంగాలి. ఇదంతా ముందుగా పెరట్లో రెండడుగుల ఎత్తున, వేటకు వేసుకునే మందపాటి కోటుతోనే సాధన చేయాలి. బాణాలన్నీ చిన్న పళ్లెమంత చోట పడే దూరమే మీ హద్దు. చాలామందికి అది పదిహేను గజాలు దాటదు. జింక పక్కకు తిరిగో, కాస్త అవతలికి మళ్లో నిలబడినప్పుడు, బాణం ఎక్కడ బయటికి వస్తుందో ఊహించుకుని వేయాలి.

వేశాక అరగంట కదలకండి. దిగాక బాణం మీద నురగ రక్తం ఉంటే అది ఊపిరితిత్తి దెబ్బ. పచ్చని మలినం, దుర్వాసన ఉంటే పేగు దెబ్బ. రెండోదైతే చప్పుడు చేయకుండా వెనుదిరిగి, చాలా గంటల తరువాతే వెతకడానికి రావాలి.